సైడ్ ఎఫెక్టులు లేని మందు

కిందటేడు ఒక రచయిత్రుల సమావేశంలో మిత్రురాలొకామె సంప్రదాయ వైద్యం గురించి చాలా అందంగా మాట్లాడింది. "ఇంగ్లీషు వైద్యం స్త్రీ శరీరాన్ని ముక్కలు ముక్కలుగా చూస్తుంది. మనది అలా కాదు. అది అమ్మమ్మల వైద్యం, వంటింటి వైద్యం, సైడ్ ఎఫెక్టులు లేని వైద్యం" అంది. హాలంతా చప్పట్లు. నేను కొట్టలేదు. లేచి ఏదో అనబోయి, గొంతు వణికి మళ్ళీ కూర్చుండిపోయాను. ఆ రోజు అనలేకపోయిందే ఇప్పుడు రాస్తున్నాను. ఆమె పేరు రాయను. ఆమె మీద నాకున్న గౌరవం తగ్గలేదు. కానీ ఆ చివరి మాట మీద ఉన్న కోపం కూడా తగ్గలేదు.

ఆ మాట నేను మొదట చదివింది 2016లో, కాలేజీకి వెళ్ళే బస్సులో కిటికీ పక్కన అంటించిన కరపత్రంలో. సంతానం లేనివారికి గ్యారంటీ వైద్యం, ఎలాంటి సైడ్ ఎఫెక్టులూ ఉండవు అని. స్త్రీల వంధ్యత్వం నయం చేస్తామని ప్రకటనలివ్వడం ఈ దేశంలో 1954 చట్టం ప్రకారం నేరమని నాకప్పుడు తెలీదు. ఎమ్మే చదివాను, పదిహేను సెక్షన్లకి పాఠాలు చెప్పాను, ఆ సంగతి మాత్రం తెలీదు.

అప్పటికి నా పెళ్ళై ఆరేళ్ళు. ఆ కరపత్రం వేయించిన వైద్యుడు మా అత్తగారికి ముందే తెలుసు. మా తోడికోడలు ఆయనిచ్చిన పొడి వాడే 2014లో మగపిల్లాణ్ణి కన్నదని ఆవిడ నమ్మకం. మా అత్తగారు దుర్మార్గురాలేం కాదు. మోకాళ్ళ నొప్పులతో రెండు బస్సులు మారి వెళ్ళి, గంటల తరబడి ఆయన అరుగు మీద కూర్చుని, నా కోసం ఆ పొట్లాలు తెచ్చేది. తేనెలో రంగరించి తనే నా నోట్లో పెట్టేది. నన్ను చంపాలనుకున్నవాళ్ళెవరూ ఈ కథలో లేరు. అందుకే ఇది రాయడం ఇంత కష్టంగా ఉంది. మా ఆయనకి ఒక్క టెస్టు చేయించాలన్న ఆలోచన మాత్రం ఆ ఆరేళ్ళలో ఎవరికీ రాలేదు. నిజం చెప్పాలంటే నాకూ రాలేదు.

ఐదు నెలలు తిన్నాను. కడుపులో మెలిపెట్టే నొప్పి, నాలుగైదు రోజులు విరేచనం కాకపోవడం, మెట్లెక్కితే ఆయాసం. ఒక డాక్టరు గ్యాస్ అన్నాడు. ఇంకొకాయన "పిల్లల్లేని దిగులమ్మా, మనసు మీదికి తెచ్చుకోకండి" అన్నాడు. హిమోగ్లోబిన్ ఏడుకి పడిపోతే ఐరన్ మాత్రలిచ్చారు. చివరికి నగరంలో ఒక పెద్దాసుపత్రిలో, పీజీ చదువుతున్న అమ్మాయి నా రక్తం చుక్కని మైక్రోస్కోపు కింద పెట్టి చూసి, ఎర్రకణాల్లో నీలం చుక్కలున్నాయని పరిగెత్తుకుంటూ వచ్చింది. నోరు తెరవమంది. చిగుళ్ళ అంచున నీలి గీత. ఐదు నెలలుగా రోజూ అద్దంలో పళ్ళు తోముకుంటూ నేనే చూడని గీత. రక్తంలో సీసం డెసిలీటరుకి 78 మైక్రోగ్రాములు. సీసానికి ఇంతవరకు పరవాలేదనే సురక్షితమైన మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది.

పెద్ద డాక్టరు నా మంచం పక్కన నిలబడి మా ఆయన్ని అడిగాడు: "ఈవిడ ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" మా ఆయన ఏం లేదండీ అన్నాడు. అబద్ధమాడలేదు. మా ఇంట్లో ఆ పొడి మందు కాదు. సైడ్ ఎఫెక్టులు లేనిది మందెలా అవుతుంది? దాంతో ఒంట్లోంచి సీసాన్ని బయటికి లాగే కాప్సూళ్ళు మొదలయ్యాయి, మా అత్తగారు తేనెలో రంగరించిన సీసం కూడా ఆసుపత్రి మంచం మీదే లోపలికి పోతూ ఉంది. ఆరు రోజులు. ఆరో రోజు ఆ పీజీ అమ్మాయి అందర్నీ బయటికి పంపి, నా పక్కన కూర్చుని, "మందులు కాదక్కా, పొడులు, లేహ్యాలు, పసర్లు, భస్మాలు... ఏమన్నా?" అని అడిగింది. మందు అనే మాటకి పక్కనున్న మాటలన్నీ తెలిసిన పిల్ల. అప్పుడు చెప్పాను. పొట్లాన్ని పరీక్షకి పంపిస్తే అందులో పదో వంతుకి పైగా సీసమే.

సీసాన్ని లాగే ఈ వైద్యాన్ని కీలేషన్ అంటారు. గ్రీకులో పీత డెక్క అని అర్థమట. మందు లోహాన్ని డెక్కతో పట్టుకున్నట్టు పట్టుకుని మూత్రంలోకి లాక్కుపోతుంది. ఈ మందుల పుట్టుకే యుద్ధంలో. రెండో ప్రపంచ యుద్ధంలో లూయిసైట్ అనే ఆర్సెనిక్ విషవాయువుకి విరుగుడుగా ఆక్స్‌ఫర్డ్‌లో తయారైన బీఏఎల్ మొదటిది. దాన్ని వేరుశనగ నూనెలో కలిపి కండలోకి లోతుగా పొడుస్తారు. నాకు ఆ అవసరం రాలేదు. నాకిచ్చింది పెన్సిలమైన్. అసలది ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ జబ్బుకి వాడే మందు. సీసానికి ఎక్కువగా వాడే డీఎంఎస్ఏ మా దగ్గర దొరకలేదు.

ఇక ఆ సైడ్ ఎఫెక్టుల సంగతి. వీటి గురించి వివరంగా రాస్తాను, ఎందుకంటే ఎవరూ రాయరు. రోగం గురించి కథలు రాస్తాం, చావు గురించి కవిత్వం రాస్తాం. రోజుకి నాలుగు కాప్సూళ్ళు మింగి ఇంటెడు చాకిరీ చేసే ఆడదాని రోజు గురించి రాయం.

రెండో వారానికి నాలిక చచ్చిపోయింది. ఉప్పు లేదు, పులుపు లేదు, కారం మంట ఉంది గానీ రుచి లేదు. ఎప్పుడూ రాగి చెంబు నాకుతున్నట్టు ఒకటే లోహపు రుచి. పెన్సిలమైన్ వాడేవాళ్ళలో ఇది తెలిసిన విషయమే, మందు అట్ట మీద కాగితంలో ఉంటుంది. నాకెవరూ చెప్పలేదు. ఆసుపత్రి నించి ఇంటికొచ్చిన మూడో రోజు నించీ వంట నాదే. అది కూడా ఎవరూ చెప్పలేదు, చెప్పక్కర్లేకుండానే జరిగిపోయింది. ఒకరోజు పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. కడుపునొప్పితో ఆరు నెలలు మెలికలు తిరిగితే ఇంట్లో ఎవరికీ పట్టలేదు గానీ, ఉప్పు ఎక్కువైన రోజున అందరూ కంచాల ముందు నించి తలెత్తి నా వైపు చూశారు. నా జబ్బు ఈ ఇంటికి తెలిసింది ఆ రోజే అనుకుంటాను. ఆ తర్వాత మా తోడికోడలు పొయ్యి దగ్గరికి వచ్చి గరిటతో అరచేతిలో వేసుకుని రుచి చూసి, "సరిపోయిందక్కా" అని చెప్పి పోయేది. నా నాలిక రెండు నెలలు ఆమె నోట్లో ఉంది.

కాప్సూలు పరగడుపునే వేసుకోవాలి, తిండికీ దానికీ ఎడం ఉండాలి. ఐరన్ మాత్ర దగ్గర్లో వేసుకుంటే ఇది ఒంటికి పట్టదు, కాబట్టి దానికి వేరే వేళ. బీ6 మాత్ర ఇంకో వేళ. నాలుగు పూటలా వండి వడ్డించే మనిషికి పరగడుపు ఎప్పుడు, ఎడం ఎప్పుడు? కాలేజీ టైంటేబుల్ వెనక మందుల టైంటేబుల్ రాసుకుని బొట్టుబిళ్ళతో బీరువా తలుపుకి అంటించాను. దద్దుర్లు వచ్చాయి. డాక్టరుకి చూపిస్తే "మామూలేనమ్మా, ఓర్చుకోవాలి" అన్నాడు. పాదాలు వాచాయి. అదీ మామూలే అన్నాడు. పీజీ అమ్మాయి మొదటి రోజే చెప్పింది కాబట్టి మూత్రం టెస్టు చేయించమని పట్టుబట్టాను. ప్రొటీన్ పోతోంది. కిడ్నీల మీద పడిందన్నమాట. ఆ మందు అప్పటికప్పుడు ఆపేశారు. మామూలే అన్న మాట నమ్మి నేను ఓర్చుకుని ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. ఓర్పు గురించి ఎవరైనా మెచ్చుకోలుగా మాట్లాడితే ఇప్పటికీ నాకు ఆ వాచిన పాదాలే గుర్తొస్తాయి.

తర్వాత డీఎంఎస్ఏ తెప్పించారు. నా నలభై ఎనిమిది కిలోల బరువుకి పూటకి ఐదు చొప్పున రోజుకి మూడు పూటలు, ఐదు రోజులు. ఆపైన రెండు పూటలు, పద్నాలుగు రోజులు. మొత్తం 215 కాప్సూళ్ళు. డబ్బా మూత తీస్తేనే కుళ్ళిన కోడిగుడ్ల వాసన. మూడో రోజుకి ఆ వాసన నా చెమటలో, మూత్రంలో, ఊపిరిలో. సీసాన్ని పట్టుకునేది ఆ మందులోని గంధకం, వాసనా దానిదే. రసశాస్త్రంలో పాదరసం శివుడి వీర్యమనీ గంధకం పార్వతి బహిష్టు రక్తమనీ చెప్తారు. శివుడి సంగతేమో గానీ, క్లాసులో మొదటి బెంచీ పిల్లలు ముక్కులు మూసుకుంటుంటే ఆ పార్వతి కంపు మోసింది మాత్రం నేనే. రోజుకి రెండు స్నానాలు, నీళ్ళు తాగడం, ప్రతి వారం తెల్లకణాల టెస్టు, లివర్ టెస్టు. స్టాఫ్‌రూములో కిటికీ పక్క కుర్చీ నాకిచ్చేశారు. ప్రేమతో కాదు.

ఇంత చేశాక 24కి దిగింది. ఇంట్లో పండగ. మూడు వారాల తర్వాత చూస్తే 41. తప్పు చేసినట్టు అందరూ నా వైపే చూశారు, మళ్ళీ ఏమన్నా తిన్నావా అని. ఏమీ తినలేదు. పెద్దవాళ్ళ ఒంట్లో చేరిన సీసంలో తొంభై శాతానికి పైగా ఎముకల్లో దాక్కుంటుంది. రక్తంలో తగ్గగానే అక్కణ్ణించి ఊరుతుంది. రక్తంలో ఉన్న సీసం సగం తగ్గడానికి ఓ నెల చాలు, ఎముకలో ఉన్నదానికి దశాబ్దాలు పడుతుంది. గర్భం వచ్చినప్పుడు, పాలిచ్చేటప్పుడు, ముట్లుడిగినప్పుడు ఎముక కరుగుతుంది, దాంతోపాటు సీసమూ. అంటే నాకు నలభై మూడేళ్ళొచ్చిన ఈ రోజున, ముట్లు అటూ ఇటూ అవుతున్న వేళ, 2016 నాటి పొట్లాలు ఇంకా నాలో విప్పుకుంటూనే ఉన్నాయి. ఏ పక్కన జరిగిన ఎఫెక్టండీ ఇది? నా జీవితానికి నడిమధ్యన కదా జరిగింది?

ఇప్పుడు ఆ సభలో చప్పట్లు కొట్టిన మిత్రులకి చెప్పాల్సింది చెప్తాను. ‘సైడ్ ఎఫెక్టులుండవు’ అన్న వైద్యుడూ, ‘అవి మామూలే’ అన్న డాక్టరూ ఒకరికొకరు శత్రువులని మీరనుకుంటున్నారు. నాకలా కనబడలేదు. ఆ ఇద్దరూ నాకు చేసింది ఒకటే పని, నా ఒళ్ళు నాకు చెప్తున్నదాన్ని కొట్టిపారెయ్యడం. ఒకాయన అది రాదన్నాడు, ఇంకొకాయన వచ్చినా లెక్కలోకి రాదన్నాడు. మనం ఇంగ్లీషు వైద్యాన్ని నిలదీసినవాళ్ళం. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ గర్భనిరోధక ఇంజెక్షన్ల ప్రయోగానికి పేద స్త్రీలని పోగేసినప్పుడు, వాళ్ళకి ఏమిస్తున్నారో వాళ్ళకే సరిగ్గా చెప్పలేదని స్త్రీశక్తి సంఘటన అడ్డుపడింది, ఇతర సంఘాలతో కలిసి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ‘సవాలక్ష సందేహాలు’ లాంటి పుస్తకం తెలుగులో వచ్చింది ఆ పోరాటాల్లోంచే. ఆ సందేహాలన్నీ బీపీ మాత్ర మీదేనా? భస్మం పొట్లం దగ్గరికొచ్చేసరికి సందేహం ఎందుకు సద్దుమణుగుతోంది?

అది అమ్మమ్మల వైద్యం అంటారు. మా అమ్మమ్మ వైద్యం నాకు తెలుసు. వాము, శొంఠి, మిరియాలు, పసుపు, బాలింతకి కాయం. ఆవిడ నా నోట్లో పెట్టిన ప్రతిదాన్నీ నేను పెరట్లోనో పోపులపెట్టెలోనో చూశాను. సీసాన్ని పుటాలు పెట్టి నాగభస్మం చెయ్యడం, పాదరసాన్ని గంధకంతో కలిపి సిందూరం చెయ్యడం ఏ అమ్మమ్మా చెయ్యలేదు. అది సంస్కృతం చదివిన మగవాళ్ళ శాస్త్రం, శిష్యుడికి తప్ప చెప్పని శాస్త్రం. మంత్రసానిని మురికిదని ఊరి చివరికి నెట్టినవాళ్ళే ఇవాళ ఆమె కొంగు కప్పుకుని వచ్చి ఆమె పేరుతో ఈ పొట్లాలు అమ్ముతున్నారు. ఆ రెంటినీ ఒకే గాటన కట్టడం అమ్మమ్మకి గౌరవం కాదు, ఆమె పేరు కాజెయ్యడం. సరిగ్గా శుద్ధి చేస్తే విషం పోతుందని వాళ్ళంటారు. పోనీ, పోతుందనే అనుకుందాం. పోయిందో లేదో నాకు పరీక్ష చేసి చూపించే బాధ్యత ఎవరిది? నా చిగుళ్ళదా?

పరీక్ష చెయ్యలేక కాదు. 2004లో అమెరికాలో బోస్టన్ చుట్టుపక్కల దుకాణాల్లో అమ్మే 70 ఆయుర్వేద మందుల్ని పరీక్షిస్తే 14 మందుల్లో సీసమో పాదరసమో ఆర్సెనికో బయటపడింది. పెద్ద గొడవైంది. మరుసటి సంవత్సరం మన ప్రభుత్వం కదిలి, 2006 జనవరి 1 నించి ఎగుమతయ్యే మూలికల మందులకి లోహాల పరీక్ష తప్పనిసరి చేసింది. చూశారా, ముందు ఎగుమతికి! సముద్రం దాటే పొట్లానికి పుట్టిన భయం మా అత్తగారు రెండు బస్సులు మారి తెచ్చే పొట్లానికి పుట్టలేదు. సముద్రం దాటాక మాత్రం మనవాళ్ళకి క్షేమమా అంటే అదీ లేదు. 2011, 2012లలో న్యూయార్క్ నగరంలో మన దేశంలో తయారైన ఆయుర్వేద మందులు వాడిన ఆరుగురు గర్భిణుల రక్తంలో సీసం కనబడింది. అక్కడ గర్భిణులకి ఆ పరీక్ష చేసే ఏర్పాటుంది కాబట్టి కనబడింది. నాకు కడుపునొప్పితో ముగ్గురు డాక్టర్లు తిరిగినా ఎవరికీ తట్టలేదు.

ఇంకో రకం వ్యాపారం గురించి రెండు మాటలు. కీలేషన్ అన్న పేరు పెట్టుకునే ఇప్పుడు ఒంట్లో విషాలు కడిగేస్తామని, నిగారింపు తెస్తామని సెలైన్లు ఎక్కించేవాళ్ళున్నారు. ఆటిజం ఉన్న పిల్లల తల్లుల అపరాధభావం మీద బతికేవాళ్ళూ ఉన్నారు. నేను 215 కాప్సూళ్ళు మింగింది నిగారింపు కోసం కాదు. అమెరికాలో 2003, 2005 మధ్య ఒక మందుకి బదులు దానిలాంటి పేరే ఉన్న ఇంకో ఈడీటీఏ ఎక్కించడంతోనో, అవసరమే లేని కీలేషన్ చెయ్యడంతోనో రక్తంలో కాల్షియం పడిపోయి ఇద్దరు పిల్లలు, ఒక స్త్రీ చనిపోయారు. ఒంటికి అవసరమైన లోహాల్ని కూడా లాక్కుపోగల మందుని ఫేషియల్‌తో పాటు అమ్ముతున్నారు. ఇంకేం చెప్పను!

మళ్ళీ మా తోడికోడలి దగ్గరికి రావాలి. నేను ఇదంతా రాయడానికి అసలు కారణం ఆమే.

నా రిపోర్టు వచ్చిన రోజే నాకు తట్టింది, ఆ పొడి తిని కన్న పిల్లాడి సంగతేమిటని. సీసం మాయని దాటి బిడ్డకి చేరుతుంది. పైగా వాడికి తెలివితేటలకని అదే వైద్యుడి దగ్గర్నించి ఇంకో పొడి వస్తోంది, రోజూ తేనెలో. వాడికి మూడేళ్ళు. మాటలు ఆలస్యంగా వచ్చాయి. టెస్టు చేయిద్దామన్నాను. ఇల్లంతా నా మీద పడింది. గొడ్రాలి కన్ను అన్న మాట ఎవరూ అనలేదు గానీ, గదిలో ఆ మాట నిలబడే ఉంది. నా మరిది నాతో మూడు నెలలు మాట్లాడలేదు. ఒక మధ్యాహ్నం ఆమే పిల్లాణ్ణి చంకనేసుకుని, మార్కెట్టుకి అని చెప్పి, నా కాలేజీ గేటు దగ్గరికొచ్చి నిలబడింది. "పదక్కా" అంది, అంతే.

19 వచ్చింది.

నేను ఆ పీజీ అమ్మాయిని, అప్పటికి డాక్టరైంది, కాప్సూళ్ళు రాయమని బతిమాలాను. తను రాయలేదు. 2001లో అమెరికాలో 780 మంది చిన్నపిల్లల మీద చేసిన అధ్యయనం గురించి చెప్పింది. రక్తంలో సీసం 20 నించి 44 దాకా ఉన్న పిల్లలకి డీఎంఎస్ఏ ఇస్తే అంకె దిగింది గానీ, ఇవ్వని పిల్లల కంటే తెలివిలో, నడవడిలో ఏ మెరుగూ కనబడలేదట. "అంకె తగ్గించొచ్చక్కా, జరిగింది వెనక్కి తేలేం. ఆ పొడి ఆపండి, ఐరన్, కాల్షియం ఉన్న తిండి పెట్టండి, మాటలు నేర్పించండి" అంది. వాసనలూ దద్దుర్లూ తెచ్చే ఆ మందుని నేను ఎంత తిట్టుకున్నానో, వీడికి అది కూడా పనికిరాదని తెలిసిన రోజున అంత ఏడ్చాను. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ మొదటి పని సీసం ఎక్కణ్ణించి వస్తోందో కనుక్కుని ఆపడమే. ఆపడమంటే మా ఇంట్లో ఎవర్ని ఆపాలో మీకు తెలుసు.

ఇంట్లో తెలిశాక నింద ఎవరి మీద పడింది? వైద్యుడి మీద కాదు, తెచ్చినవాళ్ళ మీదా కాదు. "నువ్వే కదా తిన్నావు, నువ్వే కదా పెట్టావు" అన్నాడు నా మరిది పెళ్ళాంతో. కొడుకు పుట్టినప్పుడు ఆ పుణ్యం పొడిది. కొడుక్కి మాటలు రాకపోతే పాపం ఆమెది. మా ఆయన ఆ తర్వాత టెస్టు చేయించుకున్నాడు. ఆ రిపోర్టు గురించి నేనిక్కడ రాయను, అది ఆయన రాసుకోవాల్సిన విషయం.

పొట్లమూ ల్యాబ్ రిపోర్టూ పట్టుకుని సంబంధిత ఆఫీసుకి వెళ్ళాను. బిల్లు ఉందా అని అడిగారు. లేదన్నాను. పొట్లం మీద పేరుందా? లేదు. మరెలా అన్నారు. మందుల దుష్ఫలితాల్ని నమోదు చేసే జాతీయ కార్యక్రమం ఒకటి 2010లో మొదలైందనీ, డాక్టర్లే కాదు, మందు మింగినవాళ్ళు కూడా నేరుగా రాసి పంపొచ్చనీ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. పంపాను. పెన్సిలమైన్‌తో పోయిన నాలిక గురించి, వాచిన పాదాల గురించి, మామూలే అన్న మాటతో సహా రాశాను. మీలో ఎవరి ఒంట్లో ఏ మందు ఏం చేసినా రాసి పంపండి. అది ఇంగ్లీషుదైనా, మనదైనా.

పిల్లాడు ఇప్పుడు ఏడో తరగతి. లెక్కల్లో వెనకబడతాడు, బొమ్మలు బాగా వేస్తాడు. సీసం లేకపోతే ఎలా ఉండేవాడో ఎవరం చెప్పలేం. నా అంకె మొన్న 11. రుచి ఎప్పుడో తిరిగొచ్చింది. అయినా మా తోడికోడలు ఇప్పటికీ మా ఇంటికొస్తే తిన్నగా పొయ్యి దగ్గరికెళ్ళి గరిట తీసుకుంటుంది. అత్తగారి అలమరలో ఇంకో పొట్లం ఉందని కిందటి వారం తనే చెప్పింది. ఈసారి మా ఆడపడుచు కూతురి కోసమట. మేమిద్దరం ఈ ఆదివారం వెళ్తున్నాం.